కొత్త లేజర్ డయోడ్ వేశాక ఎరుపు పక్కకు ఎందుకు జరుగుతుంది?

స్టేజి లేజర్ ప్రొజెక్టర్‌లో ఎర్ర డయోడ్ (లేజర్ వెలుగునిచ్చే చిన్న భాగం) మార్చాక తెల్ల గీత పక్కన ఎరుపు విడిగా కనిపిస్తోందని అడిగారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిరణాలు ఒకదానిపై ఒకటి పడితేనే తెలుపు వస్తుంది. కొత్త డయోడ్ కొద్దిగా వాలినా, దూరంలో అది పెద్ద తేడాగా కనిపిస్తుంది.

డయోడ్ కొనేటప్పుడు తరంగదైర్ఘ్యం (ఎరుపుకు ఎక్కువగా 638 నానోమీటర్లు), తొడుగు వ్యాసం, పిన్నుల అమరిక, గరిష్ఠ కరెంటు చూసుకోవాలి. మణికట్టు పట్టీతో ఎర్త్ చేసుకోకుండా డయోడ్‌ను తాకవద్దు. ఒంటిమీది స్థిర విద్యుత్తు దాన్ని చంపేయగలదు. డ్రైవర్ (డయోడ్‌కు కరెంటు ఇచ్చే సర్క్యూట్) కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి కూడా అంతే ప్రమాదం.

డయోడ్ వెలుగు గుండ్రంగా రాదు, ఒక దిశలో ఎక్కువగా విచ్చుకుంటుంది. అందుకే పాతదాన్ని విప్పే ముందే అది ఏ కోణంలో ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఇది మరిచిపోతే తర్వాతి శ్రమంతా వృథా.

ఇక అమరిక. శక్తి బాగా తగ్గించి, ఆ రంగుకు తగిన రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, కొలిమేటర్ లెన్సుతో (విచ్చుకునే వెలుగును సన్నని కిరణంగా మార్చే లెన్సు) దూరపు గోడమీద చుక్కను చిన్నది చేయండి. ఆకుపచ్చను కదపకుండా దాన్నే ఆధారంగా ఉంచండి. ఎర్ర డయోడ్‌కు దగ్గరున్న అద్దాన్ని తిప్పి, డైక్రోయిక్ అద్దం (ఒక రంగును తిప్పి పంపి, ఇంకో రంగును తనగుండా వదిలే అద్దం) మీద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలను కలపండి. ఆ తర్వాత డైక్రోయిక్ అద్దాన్ని తిప్పి గోడమీద కలపండి. రెండోది సరిచేస్తే మొదటిది కాస్త చెదురుతుంది, కాబట్టి ఓపికగా నాలుగైదు సార్లు ఇటూ అటూ తిరగాల్సిందే. మరలు బిగించేటప్పుడు కూడా చుక్క జరుగుతుంది. బిగించాక మళ్లీ చూడండి.