జడ్జి దాకా వెళ్లక్కర్లేదు

మనలాంటి దేశాల్లో చుట్టరికాలు, పరిచయాలు కోర్టుల మీద నిజంగా పని చేస్తాయా అని అడిగారు. పై స్థాయి సంగతికి ఇండోనేషియా చాలు. 2023 అక్టోబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం వయసు నిబంధన సడలించడంతో, 40 ఏళ్లు నిండని జిబ్రాన్ ఉపాధ్యక్ష పదవికి పోటీ చేయగలిగాడు. అతను అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో కొడుకు. ప్రధాన న్యాయమూర్తి అన్వర్ ఉస్మాన్ అతని మేనత్త భర్త. మరుసటి నెలలో ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించారు గానీ తీర్పు అలాగే ఉంది.

మా వైపు అంత పెద్ద చుట్టరికం అక్కర్లేదు. మాది ఒడిశాలో ఆంధ్రాకి ఆనుకున్న జిల్లా, ఏ కోర్టో చెప్పను. జడ్జిగారు కటక్ వైపు నుంచో సంబల్‌పూర్ వైపు నుంచో వస్తారు, కొన్నేళ్లకి బదిలీ అవుతారు. ఊళ్లో ఆయనకి ఎవరూ ఉండరు. ప్లీడర్లు, వాళ్ల గుమాస్తాలు, కోర్టు సిబ్బంది మాత్రం ఇక్కడివాళ్లే. వాళ్లలో సగం మంది వియ్యంకులో బావమరుదులో.

మా పెద్దనాన్న పొలం గట్టు దావాలో సమన్లు పట్టుకెళ్లే మనిషి అవతలివాళ్లకి వేలువిడిచిన మేనమామ. వెళ్లినప్పుడల్లా "ఇంట్లో లేడు" అని రాసుకొచ్చేవాడు. ఆ లేని మనిషి సాయంత్రం టీ కొట్టులో మా ఎదురుగానే కూర్చునేవాడు! తర్వాత పొలం చూడ్డానికి కోర్టు ఒక కుర్ర ప్లీడర్ని కమిషనర్‌గా వేసింది. మంచివాడే. ఎండ మండిపోతోందని భోజనం అవతలివాళ్లింట్లో కానిచ్చాడు. రిపోర్టులో గట్టు ఆనవాళ్లు లేవన్నాడు, హద్దులో ఉన్న తాటిచెట్టు ఊసే లేదు. ఇందులో ఎవరూ పైసా తీసుకోలేదని ఇప్పటికీ నమ్ముతాను. జడ్జిగారు తన ముందుకొచ్చిన కాగితం చూశారు, అంతే.

1997లో సుప్రీంకోర్టు ఉన్నత న్యాయస్థానాల జడ్జీలకి రాసుకున్న నియమావళి, ప్లీడర్లతో దగ్గరి స్నేహాలు వద్దంటుంది. సమన్లు పట్టుకెళ్లే మేనమామ దానికి అందడు.

సమన్లు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపమని అడిగితే ఆ ఆట కట్టింది. రిపోర్టు మీద అభ్యంతరం వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 10 కింద కమిషనర్ని బోనెక్కించి ప్రశ్నించాం. ఫోటో చూపిస్తే, చెట్టు చూశాననీ రాయలేదనీ ఒప్పుకున్నాడు. జడ్జిగారు ఇంకొకర్ని వేశారు. ఈసారి మనింట్లో పెడదామని పెద్దమ్మ కోడికూరకి సిద్ధమైపోయింది, మా ప్లీడరు గట్టిగా వద్దన్నారు. కొత్తగా వచ్చినాయన మంచినీళ్లు కూడా వెంట తెచ్చుకున్నారు.