నాలుగో స్థానంలో ఉన్నవాణ్ణి చూసుకో, టోర్నమెంట్ దానంతటదే నడుస్తుంది

ఒరేయ్ అల్లుడూ,

ఫాంటసీ స్ట్రాటజీ బోర్డు గేమ్‌తో టోర్నమెంట్ పెడుతున్నానని, పదహారు మంది దాకా వస్తారని, నువ్వు కూడా ఆడతానని రాశావు కదా. ముందు ఆ చివరి ముక్క సంగతి తేల్చేస్తా: ఆడకు. నువ్వు కూర్చున్న టేబుల్ దగ్గరే గొడవొస్తే తీర్పు ఎవరు చెబుతారు? అందులో నీకు లాభం ఉన్న తీర్పైతే ఎంత న్యాయంగా చెప్పినా ఎవరూ నమ్మరు. ఆఖరి నిమిషంలో ఎవరో రాకపోతే ఆ కుర్చీ నింపడానికి కూర్చో, కాదనను, కానీ నీ పాయింట్లు ఫైనల్ లెక్కలోకి రావని ముందే అందరికీ చెప్పు. నీకు ఆడాలనుంటే ఇంకొకరు పెట్టిన దాంట్లో ఆడు, దానికి పనికొచ్చేవి కూడా కింద రాస్తాను.

ఇక అసలు విషయం. చదరంగంలో ఓడిపోతున్నవాడు ఓడిపోతాడు, అక్కడితో సరి. నలుగురు కూర్చునే యుద్ధం ఆటలో అలా కాదు. గెలిచే ఆశ పూర్తిగా పోయినవాడి చేతిలో కూడా ఇంకా సైన్యం ఉంటుంది, దాన్ని ఎవరి మీదికి తోలాలన్నది వాడిష్టం, అంటే తను గెలవలేకపోయినా ఎవరు గెలవాలో వాడే తేలుస్తాడు. కింగ్‌మేకింగ్ అంటారే, అదే. ఇలాంటి టోర్నమెంట్లలో నేను చూసిన కోపాలు, అలకలు, "మీరిద్దరూ ముందే మాట్లాడుకున్నారు" అనే నిందలు చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి. మైకు సరిగ్గా లేదని ఎవరూ ఏడాది గుర్తు పెట్టుకోరు, ఇది మాత్రం పెట్టుకుంటారు. అందుకని ఏ రూల్ రాసినా, నాలుగో స్థానంలో ఉన్నవాడికి చివరి టర్న్ దాకా తన కోసం తను ఆడుకోవడానికి ఏదో ఒక కారణం మిగిలిందా అని చూసుకో.

ఆట విషయంలో స్మాల్ వరల్డ్, టెర్రా మిస్టికా, రూట్ అని మూడు పేర్లు రాశావు. మొదటిసారి కాబట్టి స్మాల్ వరల్డ్ పెట్టు. టెర్రా మిస్టికాలో ఒకడు కట్టినదాన్ని ఇంకొకడు కూలగొట్టలేడు కాబట్టి పగ తీర్చుకునే దారి తక్కువే, అది మంచి గుణం, కానీ పద్నాలుగు ఫ్యాక్షన్లున్నాయి (ఆటగాడు ఎంచుకునే పక్షాలు), ఏది ఎవరికి వెళ్లాలన్న దాని మీద వేలంపాట పెట్టకపోతే బాగా ఆడేవాళ్లు ఊరుకోరు, ఆట కూడా పొడుగు. రూట్‌లో ఒక్కో ఫ్యాక్షన్‌కి ఒక్కో రకం రూల్స్. పైగా ఎవరెన్ని పాయింట్ల మీదున్నారో బోర్డు మీదే కనపడుతుంది, గెలుపుకి కావలసిన 30కి దగ్గరపడ్డవాడి మీద మిగతా ముగ్గురూ పడతారు. స్నేహితుల మధ్య అది భలే మజా, తెలియని పదహారు మంది మధ్య మాత్రం తలనొప్పి. స్మాల్ వరల్డ్‌లో స్కోరంటే నాణేలే, వాటిని దాచుకుంటారు, ఎవరు ముందున్నారో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు, కాబట్టి చివరివాడికి కూడా తను చివర ఉన్నానని పూర్తిగా తెలియదు. నీకు కావలసింది సరిగ్గా అదే. ఎక్స్‌పాన్షన్లు (విడిగా అమ్మే అదనపు పెట్టెలు) కలపొద్దు, అన్ని టేబుళ్ల మీదా 14 జాతులు (ఆటగాడు నడిపే సైన్యాలు), వాటికి తోడయ్యే 20 శక్తులు ఉన్న మామూలు పెట్టే ఉండాలి. పెట్టెలు ఎవరెవరివో తెస్తారు కాబట్టి ముందురోజే తెప్పించుకుని లెక్కపెట్టు, ఏదో ఒక పెట్టెలో ఏదో ఒకటి తగ్గుతుంది, తగ్గి తీరుతుంది.

పాయింట్లు. గెలిచినవాడే పైకి వెళ్తాడు అన్న రూల్ చూడ్డానికి బాగుంటుంది కానీ అదే అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే ఆట సగంలో ముగ్గురికి పని లేకుండా పోతుంది. అలాగని రెండో స్థానానికి మరీ ఎక్కువిస్తే, రెండోవాడు మొదటివాణ్ణి కదిలించకుండా తన స్థానం కాపాడుకుంటూ కూర్చుంటాడు. నాకు నచ్చేది 6, 3, 1, 0. రెండుసార్లు రెండోస్థానం కలిస్తే ఒక గెలుపు, ఆ మాత్రం తేడా ఉండాలి. మూడో స్థానానికి ఇచ్చే ఆ ఒక్క పాయింటే చాలా పని చేస్తుంది, నాలుగోవాడు పగ మానేసి మూడోవాడి వెంట పడతాడు.

ఇద్దరి పాయింట్లూ సమానమైతే నాణేల మొత్తం చూడకు, టేబుల్ మీద అందరి నాణేల్లో అతని వాటా శాతం చూడు. ఒక టేబుల్ మీద అందరివీ కలిపి 340 వచ్చిన చోట 90 తెచ్చుకున్నవాడిది 26.5 శాతం, 300 వచ్చిన చోట 85 తెచ్చుకున్నవాడిది 28.3 శాతం. రెండోవాడే బాగా ఆడాడు, ఎందుకంటే ఆ టేబుల్ మీద కొట్లాట ఎక్కువ జరిగింది. ముగ్గురే కూర్చున్న టేబుల్ శాతాన్ని మాత్రం ముప్పావు చెయ్యి, లేకపోతే అక్కడ కూర్చున్నవాళ్లకి ఊరికే లాభం వస్తుంది.

ఎవరు ఎవరితో కూర్చోవాలన్న దానికి చాలామంది స్విస్ పద్ధతి అంటారు, చదరంగంలో 1895లో జ్యూరిక్‌లో మొదలైనది, సమాన పాయింట్లున్నవాళ్లని కలుపుకుంటూ పోవడం. పెద్ద గుంపుకి అది సరే. పదహారు మందికి నేనైతే అది వాడను, ఎందుకంటే అందులో మొదటి రౌండులో కొట్టుకున్నవాళ్లే మూడో రౌండులో మళ్లీ ఎదురుపడొచ్చు, పాత లెక్కలు కొత్త టేబుల్ మీదికొస్తాయి. దానికి బదులు ఒక కాగితం మీద నాలుగు అడ్డం, నాలుగు నిలువు గళ్లు గీసి, చీటీలు తీసి పదహారు పేర్లూ నింపు. మొదటి రౌండులో అడ్డ వరుసలు టేబుళ్లు, రెండో రౌండులో నిలువు వరుసలు. మూడో రౌండుకి ఐమూలగా చదువు: మొదటి వరుసలో మొదటివాడు, రెండో వరుసలో రెండోవాడు, అలా నాలుగోదాకా ఒక టేబుల్, తర్వాత ఒక గడి పక్కకి జరిపి మళ్లీ అలాగే, అంచు దాటితే మొదటి గడికి చుట్టు. మూడు రౌండ్లలో ఏ ఇద్దరూ రెండోసారి కలవరు. పద్నాలుగు మందే వస్తే రెండు గళ్లు ఖాళీ వదులు, ఆ రెండూ ఒకే అడ్డంలో, ఒకే నిలువులో, ఒకే ఐమూలలో పడకుండా చూసుకుంటే ఏ రౌండులోనైనా ముగ్గురు కూర్చునే టేబుళ్లు రెండే ఉంటాయి. అన్నదమ్ములో, ఆలుమగలో వస్తే వాళ్లిద్దరినీ మూడు రకాలుగానూ కలవని గళ్లలో వెయ్యి. పక్షపాతం చూపిస్తారని కాదు, చూపించారని మిగతా ఇద్దరూ అనుకోకుండా ఉండటానికి.

మూడు రౌండ్లయ్యాక పైనలుగురూ ఫైనల్. అక్కడితో మిగతా పన్నెండు మందినీ ఇంటికి పంపేస్తారు చాలామంది, అది నాకు నచ్చదు. 5 నుంచి 8 దాకా ఒక టేబుల్, 9 నుంచి 12, 13 నుంచి 16, అందరూ నాలుగో ఆట ఆడాలి, ఎవరిది ఎన్నో స్థానమో ఆ ఆటతోనే తేలాలి. ఇలా చేస్తే మూడో రౌండులో ఫైనల్ ఆశ లేనివాడు కూడా ఎనిమిదిలో పడటానికో, పన్నెండులో పడటానికో ఆడతాడు. రెండో రౌండు తర్వాత మొత్తం పాయింట్ల పట్టిక మాత్రం మైకులో చదవకు. లెక్క రాసుకునేవాళ్లు ఎలాగూ వేసుకుంటారు, మిగతావాళ్ల ఆశ నువ్వెందుకు తీస్తావు.

టైము దగ్గర చాలా టోర్నమెంట్లు చెడిపోతాయి కాబట్టి ఇది కాస్త నిదానంగా చదువు. స్మాల్ వరల్డ్‌లో నలుగురికి 9 టర్న్‌లు, అంటే టేబుల్ మీద మొత్తం 36. రౌండుకి 90 నిమిషాలిస్తే టర్న్‌కి రెండున్నర నిమిషాలు వస్తాయి, నాణేలు పంచుకోవడంతో సహా, సరిపోతుంది. ముగ్గురైతే 10 టర్న్‌లున్నా మొత్తం 30 మాత్రమే, వాళ్లు తొందరగా లేస్తారు. నాలుగు ఆటలు, మధ్యలో ఇరవయ్యేసి నిమిషాల విరామం, మొత్తం ఏడు గంటలు, భోజనం కాక. టైము అయిపోయాక గంట కొట్టి "ఆపండి" అన్నావంటే అన్యాయం చేసినట్టే. ఒకటి, మొదటివాడు ఆడేసి నాలుగోవాడు ఆడకపోతే వాడికి ఒక టర్న్ నాణేలు పోయినట్టు. రెండోది ఇంకా ఘోరం: ఎవడో అప్పుడే తన జాతిని డిక్లైన్ చేసి ఉంటాడు, అంటే పాత జాతిని వదిలేసి కొత్త జాతితో వచ్చే టర్న్‌లలో సంపాదించుకుందామని ఈ టర్న్‌లో దండయాత్ర వదులుకున్నాడు. ఆ వచ్చే టర్న్‌లు నువ్వు లాగేసుకుంటే వాడు ఊరుకుంటాడా? కాబట్టి నలభై నిమిషాలు మిగిలి ఉండగానే టేబుళ్ల చుట్టూ తిరుగు, వెనకబడ్డ టేబుల్ కనపడితే "మీకు ఈ టర్న్ కాకుండా తలా ఇంకో మూడు టర్న్‌లు" అని అక్కడే చెప్పి స్కోరు షీట్ మీద రాసెయ్యి. అందరూ దాన్నిబట్టే ప్లాన్ చేసుకుంటారు.

ఎవరు ముందు ఆడాలో కూడా చీటీలే. రూల్‌బుక్‌లో అయితే ఎవరి చెవులు ఎక్కువ కోసుగా ఉంటే వాళ్లు ముందు అని ఉంటుంది, సరదాకి ఒకసారి చదివి వినిపించు, నవ్వుకుంటారు, అంతకుమించి దాని జోలికి పోకు. ఫైనల్లో మాత్రం పాయింట్లలో మొదటివాడు తన సీటు ముందు ఎంచుకోవాలి.

టేబుల్ మీద రూల్స్ ఎక్కువ రాయకు, ఒక్క పేజీ. మాటలతో బేరాలు ఆడుకోవచ్చు కానీ ఇచ్చిన మాట తప్పితే జడ్జి పట్టించుకోడు. ఈ టేబుల్ మీది బేరం ఈ టేబుల్‌తోనే సరి, "వచ్చే రౌండులో నీకు సాయం చేస్తా", "బహుమతిలో సగం ఇస్తా" అన్న మాట వినపడితే ఇద్దరికీ ఆ ఆటలో సున్నా. మధ్యలో లేచిపోకూడదు. తప్పనిసరై వెళ్తే అతని టోకెన్లు, అంటే బోర్డు మీది సైన్యం బిళ్లలు, ఉన్నచోటే ఉంటాయి, నాణేలు రావు. వేసిన ఎత్తు వెనక్కి తీసుకోవడం పాచిక పడేదాకానే.

ఆ పాచికే పెద్ద తగాదా. స్మాల్ వరల్డ్‌లో అది టర్న్‌లో చివరి దాడికి మాత్రమే, చేతిలో కనీసం ఒక టోకెనైనా మిగిలి ఉంటేనే. చాలామంది గబుక్కున పాచిక వేసి, వచ్చిన అంకె చూసి, అప్పుడు వేలు పెట్టి "ఇదిగో, ఈ ప్రాంతం" అంటారు. కుదరదు. ముందు ఏ ప్రాంతమో చూపించాలి, తర్వాతే పాచిక. దాని మీద మూడు ముఖాలు ఖాళీ, మిగతావి 1, 2, 3, కాబట్టి దాడికి కావలసిన టోకెన్లలో ఒక్కటి తక్కువైతే సగం అవకాశం, రెండు తక్కువైతే మూడోవంతు, మూడు తక్కువైతే ఆరోవంతు. ఈ లెక్క తెలిసినవాడు ఎక్కడ దాడి చేస్తాడో, తెలియనివాడు ఎక్కడ చేస్తాడో చూస్తే నీకే అర్థమవుతుంది.

ఇక నువ్వు ఆడేటప్పుడు. స్మాల్ వరల్డ్ తొమ్మిది టర్న్‌లలో మామూలుగా మూడు జాతులు పడతాయి, అంటే రెండు డిక్లైన్లు. కొత్త జాతితో కనీసం రెండు టర్న్‌లైనా ఆడే వీలుంటేనే రెండోది చెయ్యి. కొత్త జాతుల వరుసలో పైన ఎవరూ తీసుకోకుండా వదిలేసిన జాతి మీద నాణేలు పోగవుతుంటే దాన్ని చిన్నచూపు చూడకు, బలహీనమైన జాతికి మూడు నాణేలు తోడైతే అది బలహీనమైనది కాదు. ఇతరుల నాణేలు వాళ్లు దాచుకుంటారు కానీ టర్న్ చివర లెక్క అందరి ఎదుటే జరుగుతుంది, మనసులో కూడుకుంటూ పో. అందరివీ కష్టమైతే నీ తర్వాత ముందున్నాడనిపించే ఒక్కడివి చాలు.

ఎవరి మీద పడాలన్నప్పుడు డిక్లైన్ అయిన జాతుల వైపు చూడు. ఒక్కో ప్రాంతంలో మామూలుగా ఒక్క టోకెనే ఉంటుంది, కొండ లాంటిది లేకపోతే మూడు టోకెన్లతో పోతుంది, పోగొట్టుకున్నవాడికి కూడా అంత మంట ఉండదు, ఎలాగూ వదిలేసిన జాతే కదా అనుకుంటాడు. బతికున్న జాతిని కొట్టాల్సొస్తే ఒక్కడినే వరసగా రెండు టర్న్‌లు కొట్టకు. మూడో టర్న్‌లో నువ్వు పిండి చేసినవాడు తొమ్మిదో టర్న్‌లో నీ పక్కనే ఉంటాడు, వాడికి అప్పటికి గెలుపు మీద ఆశ ఉండదు, నీ మీద మాత్రం గుర్తు ఉంటుంది. ముందున్నవాణ్ణి కొట్టేటప్పుడు ఎందుకు కొడుతున్నావో పైకి చెప్పు, "నీకు ఎనభై దాటాయి, తప్పదు" అంటే వినడానికి చిరాగ్గా ఉన్నా పగలా అనిపించదు, పైగా మిగతా ఇద్దరి చూపూ అటు తిరుగుతుంది. నువ్వే ముందున్నప్పుడు మాత్రం నోరు మూసుకుని, నాణేలు కుప్ప పోయకుండా పెద్దవిగా మార్చుకుని కూర్చో.

ఆ ఒక్క పేజీ రూల్స్ ముందు రాసి నాకు పంపు, ప్రకటన ఆ తర్వాతే. ఒక ఆటలో ఇద్దరి నాణేలూ సమానమైతే బోర్డు మీద ఎవరి టోకెన్లు ఎక్కువ ఉంటే వాళ్లు ముందు అని రూల్‌బుక్‌లోనే ఉంది, అది కూడా అందులో చేర్చు. ఇంకో జడ్జిని కూడా వెతుక్కో, నాలుగు టేబుళ్లకి నువ్వొక్కడివీ చాలవు.

మీ మామయ్య