పొడి అక్షరాలు ఎవరి సొత్తు?

ప్రశ్న: వన్యప్రాణులను సంరక్షించే సంస్థకూ, కుస్తీ పోటీలు నిర్వహించే సంస్థకూ ఒకప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అన్న పేరే ఉండేదని చదివాను. ఏ సంబంధమూ లేని రెండు సంస్థలు ఒకే పొడి అక్షరాలను వాడుకోవచ్చునా? ముందుగా వాడినవారికి వాటిపై హక్కు ఉండదా?

జవాబు: వాడుకోవచ్చును. చాలా సందర్భాలలో ఎవరూ అభ్యంతరం చెప్పరు కూడా. వాణిజ్య చిహ్నాల చట్టాలు సాధారణంగా అక్షరాలు ఒకటేనా అన్న దానితో ఆగిపోవు. వాటిని చూసినవారు ఒకరి సరుకునో సేవనో మరొకరిదిగా పొరబడే అవకాశం ఉన్నదా అని చూస్తాయి. ఏబీసీ అంటే అమెరికాలో అమెరికన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్. రెండూ ప్రసార సంస్థలే అయినా, ఎవరి దేశంలో వారి పేరు స్థిరపడిపోయింది.

మీరు అడిగిన సంస్థల కథ మాత్రం కోర్టుదాకా వెళ్లింది. వన్యప్రాణి సంస్థ 1961లో వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్‌గా పుట్టింది. 1986లో వరల్డ్ వైడ్ ఫండ్ ఫర్ నేచర్ అని పేరు మార్చుకున్నా (అమెరికా, కెనడాలలో పాత పేరే ఉంచుకున్నారు), పొడి అక్షరాలు చెదరకుండా జాగ్రత్త పడింది. కుస్తీ సంస్థ పేరులో మొదట మూడు డబ్ల్యూలు ఉండేవి. 1979లో అందులో ఒకటి తగ్గించుకుని వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ అయింది. పేచీకి బీజం ఆ తగ్గిన అక్షరంలోనే పడిందనవచ్చు. ఆ అక్షరాల వాడకాన్ని పరిమితం చేసుకుంటామని కుస్తీ సంస్థ 1994లో ఒప్పందం రాసి ఇచ్చింది. ఆ ఒప్పందాన్ని మీరిందంటూ వన్యప్రాణి సంస్థ 2000లో ఇంగ్లండులో దావా వేసి మరుసటి ఏడాది గెలిచింది. 2002లో కుస్తీ సంస్థ వరల్డ్ రెజ్లింగ్ ఎంటర్‌టైన్‌మెంట్‌గా, అంటే డబ్ల్యూడబ్ల్యూఈగా మారింది. ఆ తరువాత కొన్నేళ్లపాటు పాత పోటీల దృశ్యాలను తిరిగి చూపినప్పుడు తెరపై ఆ చిహ్నాన్ని మసకబరచవలసి వచ్చింది. ఈ కేసులో ప్రధానంగా బలం చూపినది ఎవరు ముందు వాడారన్న లెక్కకన్నా, కుస్తీ సంస్థ తానే సంతకం చేసిన కాగితం.

ప్రశ్న: అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పేరును అక్కడి ఒక వంటల కళాశాల తగిలించుకున్నదట. ఇది హాస్యానికి చేసిన పనా?

జవాబు: కాదు. క్యులినరీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా అన్న పేరును కుదిస్తే వచ్చేవి ఆ మూడు అక్షరాలే. పైగా ఆ కళాశాల 1946లో వేరే పేరుతో మొదలైంది. గూఢచారి సంస్థ ఏర్పడినది 1947లో. కళాశాల ఇప్పటి పేరు పెట్టుకున్నది 1951లో కాబట్టి, వయసులో వంటవారు, అక్షరాలలో గూఢచారులు పెద్దవారు.

ప్రశ్న: ఇంగ్లిష్‌లో ఇరవై ఆరు అక్షరాలు ఉన్నాయి కదా. కొత్తగా పేరు పెట్టేవారు ఎవరూ వాడని కూర్పును ఎందుకు ఎంచుకోరు?

జవాబు: లెక్క వేసి చూస్తే ఎంత ఇరుకో తెలుస్తుంది. రెండక్షరాల కూర్పులు 676, మూడక్షరాలవి 17,576 మాత్రమే. నాలుగుకు వెళితే 4,56,976 దొరుకుతాయి గాని, నాలుగక్షరాలను విడివిడిగా పలకడానికి నాలుక అంత ఇష్టపడదు. ఉన్న కూర్పులైనా సమానంగా ఖర్చు కావు. సంస్థల పేర్లలో అమెరికన్, అసోసియేషన్, నేషనల్, ఇంటర్నేషనల్, సొసైటీ వంటి మాటలే పదేపదే వస్తాయి కనుక, ఏ, ఎన్, ఐ, ఎస్ అక్షరాల దగ్గర తొక్కిసలాట ఉంటుంది. క్యూ, ఎక్స్, జడ్ అక్షరాలు మాత్రం దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. అమెరికాలో ఏఎంఏ అంటే వైద్యుల సంఘం, మార్కెటింగ్ వారి సంఘం, మోటారు సైకిలు నడిపేవారి సంఘం కూడా. ఈఎస్ఏ అంటే మనకు ఐరోపా అంతరిక్ష సంస్థ గుర్తుకు వస్తుంది. జీవశాస్త్రజ్ఞుల మధ్య ఆ అక్షరాలకు అమెరికా పర్యావరణ శాస్త్రజ్ఞుల సంఘం, కీటక శాస్త్రజ్ఞుల సంఘం రెండూ యజమానులే.

ఒకే పెత్తనం కింద జాబితా తయారైన చోట ఈ గొడవ తప్పుతుంది. విమానాశ్రయాల మూడక్షరాల సంకేతాలను అంతర్జాతీయ విమాన రవాణా సంఘం కేటాయిస్తుంది కనుక రెండు ఊళ్లకు ఒకే సంకేతం పడదు. అయితే ఆ క్రమశిక్షణ జాబితా గడప దాటదు. విమానయాన సంస్థల జాబితాలో ఏఐ అంటే ఎయిర్ ఇండియా, దేశాలూ ప్రాంతాల జాబితాలో కరీబియన్ సముద్రంలోని అంగ్విల్లా దీవి. కృత్రిమ మేధకు కూడా అవే అక్షరాలు కావడంతో, ఆ రంగంలోని కంపెనీలు తమ వెబ్ చిరునామాల చివర ఆ చిన్న దీవి సంకేతాన్ని పెట్టుకుంటున్నాయి. పశువైద్యులకు మాత్రం ఏఐ అంటే ఇప్పటికీ కృత్రిమ గర్భధారణే.

ప్రశ్న: మా బంధువు వైద్య నివేదికలో ఎంఎస్ అని ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే రెండు మూడు వేర్వేరు జబ్బులు కనిపించి భయపడ్డాము. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు: రాసినవారినే అడగండి, ఊహించుకోవద్దు. గుండె వైద్యుడు రాస్తే అది మైట్రల్ స్టెనోసిస్, అంటే గుండెలోని ఒక కవాటం ఇరుకుపడటం కావచ్చు. నరాల వైద్యుడు రాస్తే మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాములలోని నరాల పైపొర దెబ్బతినే వ్యాధి కావచ్చు. ఒకే విభాగంలో పనిచేసేవారికి ఇందులో సందేహం రాదు. నివేదిక ఆ గది దాటి మరొక విభాగానికో మీ చేతికో వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

మందుల చీటీలో ఇదే అక్షరాలు ఉంటే పరిస్థితి మరీ ప్రమాదకరం. మార్ఫిన్ సల్ఫేట్‌నూ, మెగ్నీషియం సల్ఫేట్‌నూ ఒకే విధంగా కుదించవచ్చు. మొదటిది తీవ్రమైన నొప్పికి ఇచ్చే, మోతాదు మించితే ఊపిరిని మందగింపజేసే మందు. రెండవదాన్ని గర్భిణులకు వచ్చే ఒక రకం మూర్ఛల నివారణకు వాడతారు. అందువల్లనే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ప్రకటించిన నిషిద్ధ సంక్షేపాల జాబితాలో ఈ రెండు అక్షరాలను చేర్చి, మందు పేరు పూర్తిగా రాయాలన్నది. ఆ నియమం అన్ని దేశాలకూ వర్తించకపోయినా, పూర్తి పేరు రాయమని వైద్యుణ్ణి అడగడానికి రోగి మొహమాటపడనక్కరలేదు.

ప్రశ్న: వ్యాసాలలో ఇటువంటి సంక్షేపాలను తెలుగు లిపిలో రాసేటప్పుడు ఏమైనా ప్రత్యేక జాగ్రత్త అవసరమా?

జవాబు: అవసరమే, ఇంగ్లిష్‌లో రాసేవారికన్నా ఎక్కువగా. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదం లేదు. మిల్లీవాట్‌ను చిన్న ఎం అక్షరంతోనూ, మెగావాట్‌ను పెద్ద ఎం అక్షరంతోనూ కుదిస్తారు. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ఎండబ్ల్యూ అయిపోతాయి. వాటి మధ్య తేడా నూరు కోట్ల రెట్లు! మెగాబిట్, మెగాబైట్ రెండూ ఎంబీగా మారితే ఎనిమిది రెట్ల తేడా మాయమవుతుంది. ఇంటర్నెట్ వేగాన్ని గురించిన వార్తలలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. కాబట్టి కొలతలను కుదించకుండా మెగావాట్, మెగాబిట్ అని రాయడమే మేలు. సంస్థల పేర్లనైతే మొదటిసారి పూర్తిగా రాసి, తరువాత పొడి అక్షరాలు వాడవచ్చు. ఒకే వ్యాసంలో రెండు ఏబీసీలు ఎదురుపడితే మాత్రం, రెండింటినీ చివరిదాకా పూర్తి పేర్లతోనే పిలవండి.