చర్చి నుంచి వచ్చేసరికి స్లో కుక్కర్‌లో దుంపలు గట్టిగా ఉంటున్నాయా?

దుంపలు చికెన్ పైన వేసి ఉంటారు, అదే కారణం. ఎనిమిదింటికి ‘లో’ (తక్కువ వేడి) మీద పెట్టి, ఆరాధన అయ్యాక పన్నెండున్నరకి చూస్తే చికెన్ ఉడికింది, దుంపలు ఉడకలేదు, పులుసు నీళ్లలా ఉంది అన్నారు కదా.

1. దుంపలు, క్యారెట్ అడుగున, గిన్నె గోడలకి ఆనేలా పేర్చి పైన చికెన్ వేయండి. స్లో కుక్కర్‌లో దుంపలు మాంసం కంటే నెమ్మదిగా ఉడుకుతాయి, వేడి వచ్చేది అడుగు నుంచీ పక్కల నుంచే, చాలామంది ఇదే మర్చిపోయి కుక్కర్‌ని తిట్టుకుంటారు (నేనూ తిట్టాను). ముక్కలు అంగుళం మించొద్దు.

2. నాలుగున్నర గంటలే ఉంటే ‘హై’ (ఎక్కువ వేడి) మీద పెట్టండి. ‘లో’ మీద అయితే 7, 8 గంటలు పడుతుంది.

3. మామూలుగా పోసే నీళ్లలో సగం చాలు, ఆవిరి బయటకి పోదు.

4. వెళ్లేముందు పిల్లలు మూత ఎత్తి చూశారా, ఇంకో 20 నిమిషాలు ఆలస్యం.

ఫ్రీజర్ చికెన్ అయితే శనివారం ఉదయమే ఫ్రిజ్‌లోకి మార్చండి, గడ్డగా వేయొద్దు.