ఒకరికొకరు కనబడేంత దూరంలో

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వూ సౌమ్యా డాలస్ నుంచి అద్దె ఆర్వీలో, అదే పడకా వంటిల్లూ ఉన్న బండిలో, కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వస్తున్నారట. గ్లేసియర్ బేసిన్ క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు ఉండి, ఒక పూట కొండమీది ది లాక్ సరస్సు దాకా నడిచొస్తారట. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు కొండ ఎక్కుతామంటే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. కానీ "వచ్చిన మర్నాడే ఎక్కేస్తాం" అన్నావని విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. సౌమ్యకు కూడా చదివి వినిపించు.

మర్నాడే వద్దురా. డాలస్ ఐదు వందల అడుగుల ఎత్తు చుట్టుపక్కల ఉండే ఊరు. మీరు పడుకోబోయే చోటే ఎనిమిదిన్నర వేల అడుగులు. నడక మొదలయ్యే గ్లేసియర్ గార్జ్ 9,240 అడుగులు, సరస్సు 10,190. మన తిరుమల కొండ ఇందులో మూడో వంతు కూడా ఉండదు. అంత ఎత్తులో గాలి పలచన, ఒంటికి ఒక రోజు టైమివ్వండి. మర్నాడు పక్కనే ఉన్న స్ప్రేగ్ లేక్ చుట్టూ తిరగండి, చదునైన దారి, మైలు లోపే. నీళ్లు బాగా తాగండి, మద్యం జోలికి పోకండి. మూడో రోజు పొద్దున లేచేసరికి తలనొప్పి లేకపోతేనే బయల్దేరండి. దారిలో తలనొప్పి మొదలై పెరుగుతూ పోయినా, వాంతి వచ్చేలా ఉన్నా, అడుగు తడబడినా వెనక్కి తిరిగి దిగిపోవడమే. మాత్ర వేసుకుని ముందుకు పోకూడదు.

వంట సంగతి సౌమ్యకు చెప్పు. ఆ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో పప్పు పెడితే గంటైనా బద్దలు బద్దలుగానే ఉంటుంది. చిన్న కుక్కర్ తెచ్చుకోండి, ఇంట్లో పెట్టేదానికన్నా ఒకట్రెండు కూతలు ఎక్కువ రానివ్వండి. నడిచే రోజుకు ముందు రాత్రే పులిహోర కలిపి పెట్టుకోండి. ఎత్తుకు పోయేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, తీపి బార్లు నోటికి సయించవు. పులుపూ ఉప్పూ ఉన్నదైతే నాలుగు ముద్దలు దిగుతాయి. చలిగా ఉందని మాత్రం గ్యాస్ పొయ్యి వెలిగించి వెచ్చబెట్టుకోకండి, తలుపులన్నీ మూసిన బండిలో అది ప్రాణాంతకం.

పొద్దున బండి వదిలి వెళ్లేముందు ఆనింగ్, అదే బండి పక్కన నీడకు చాచే గుడ్డ పందిరి, చుట్టేయండి. ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా సరే. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా లేస్తుంది, తెరిచి ఉన్న ఆనింగ్‌ను దాని ఊచలతో సహా పీకేస్తుంది. చాలా అద్దె ఒప్పందాల్లో ఆ నష్టం మీ నెత్తినే పడుతుంది. పైకప్పు కిటికీలు మూయండి. బయట బల్ల మీద నూనె చుక్క కూడా ఉంచకండి, తిండంతా లోపల పెట్టి కిటికీలు బిగించాలి, అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. బల్ల మీద ఒక చీటీ రాసి పెట్టండి: ఏ సరస్సుకు వెళ్తున్నారు, ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికల్లా వస్తారు.

బండిని అక్కడినుంచి కదపొద్దు. గ్లేసియర్ గార్జ్ దగ్గర పార్కింగ్ చాలా చిన్నది, తెల్లారేసరికే నిండిపోతుంది, ఆర్వీకి చోటుండదు. క్యాంప్‌గ్రౌండ్‌కు రోడ్డవతలే పార్క్ అండ్ రైడ్ ఉంది, కార్లు అక్కడ వదిలి బస్సెక్కే చోటు. అక్కడినుంచి షటిల్ బస్సు మిమ్మల్ని నడక దారి మొదట్లోనే దింపుతుంది. మొదటి బస్సు పట్టుకోండి. ఆఖరి బస్సు టైము బోర్డు మీద చూసి ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. ఈ దారిలో మొగుడూ పెళ్లాలు చేసే తప్పు ఒకటుంది. ఏళ్ల తరబడి అదే తప్పు. ఒకరు చురుగ్గా నడుస్తారు, ఒకరు నిదానం. కాసేపయ్యాక చురుకైన వాళ్లకు విసుగు పుట్టి "నువ్వు మెల్లగా రా, సరస్సు దగ్గర కలుద్దాం" అని ముందుకు పోతారు. బుజ్జీ, నీ సంగతి నాకు తెలుసు కదా. పదేళ్లప్పుడు అలిపిరి మెట్ల మీద చెయ్యి విడిపించుకుని గాలిగోపురం దాకా ఒక్క ఊపున పరుగెత్తావు. మీ అమ్మ నీ పేరు పెట్టి కేకలు పెడుతూ, ఏడుస్తూ ఎక్కింది. అక్కడ మెట్లదారి ఒక్కటే, వేల మంది జనం, అందుకే దొరికావు. ఇక్కడ అలా కాదు.

దారి ఎలా ఉంటుందో విను. మొదలైన కాసేపటికే బేర్ లేక్ నుంచి వచ్చే దారి కలుస్తుంది. 0.8 మైలు దగ్గర ఆల్బర్టా జలపాతం. అక్కడిదాకా జనం తిరునాళ్లలా ఉంటారు, ఆ తర్వాత పలచబడతారు. ఇంకాస్త పైకెళ్లాక ఎడమకు నార్త్ లాంగ్స్ పీక్ దారి చీలుతుంది. సుమారు రెండో మైలు దగ్గర పెద్ద కూడలి: ఎడమకు మిల్స్ లేక్, కుడికి లేక్ హయాహా, నడుమ దారి మీ లాక్‌కు. అంటే "సరస్సు దగ్గర కలుద్దాం" అన్న మాటకు అక్కడ మూడు అర్థాలున్నాయి! ఒకరు మిల్స్ ఒడ్డున, ఒకరు లాక్ ఒడ్డున కూర్చుని, ఇంకా రాలేదే అని ఎదురు చూస్తారు. ఫోను పలకదు. గంట చూసి ఒకరు వెతకడానికి దిగుతారు, ఇంకొకరు ఇంకో దారిలో ఎక్కుతారు. ఈలోపు వాన. నీళ్లు, తాళం, రెయిన్‌కోటు అన్నీ ఒకరి సంచిలోనే ఉంటాయి. దిగేటప్పుడు కూడా అంతే, ఒకరు బేర్ లేక్ వైపు, ఒకరు గ్లేసియర్ గార్జ్ వైపు పోతారు.

కాబట్టి సౌమ్య ముందు నడవాలి, నువ్వు వెనక. నిదానంగా నడిచేవాళ్ల వేగమే ఇద్దరి వేగం. మాట్లాడుతూ నడవగలిగితే అదే సరైన వేగం, మాట తెగి ఆయాసం వస్తే ఎక్కువైనట్టు. ప్రతి చీలిక దగ్గరా ఇద్దరూ ఆగి, బోర్డు ఇద్దరూ చదివి, ఆ తర్వాతే కదలాలి. ఒకరు చాటుకు పోవాల్సి వచ్చినా రెండోవాళ్లు దారి మీదే నిలబడాలి. సంచులు రెండు. ఎవరి సంచిలో వాళ్లకు రెండు లీటర్ల నీళ్లు, తిండి, రెయిన్‌కోటు, ఉన్ని స్వెట్టర్, తలకు కట్టుకునే లైటు, ఈల, దారి మ్యాపు, ఆర్వీ తాళం చెవి. రెండో తాళం చెవి అద్దెకిచ్చేవాళ్లను అడిగి తీసుకోండి. జీన్సూ నూలు చొక్కాలూ వద్దు, తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. వాగు నీళ్లు ఎంత తేటగా కనబడినా ఫిల్టర్ చేయకుండా తాగొద్దు, కడుపు పాడుచేసే జియార్డియా క్రిమి పట్టుకుంటుంది.

ఎంత జాగ్రత్తపడినా విడిపోతే? బయల్దేరకముందే ఒప్పందం చేసుకోండి. ఇద్దరూ కలిసి చదివిన ఆఖరి బోర్డు దగ్గరికి వచ్చి అక్కడే నిలబడాలి, మూడేసి సార్లు ఈల వేస్తూ ఉండాలి. గంట దాటినా రాకపోతే బస్సు స్టాపు దాకా దిగి రేంజర్లకు, అంటే పార్కు సిబ్బందికి, చెప్పించాలి. అడవిలోకి దిగి వెతక్కూడదు.

దూరం మూడు మైళ్లు, ఎక్కుడు వెయ్యి అడుగులకు కాస్త తక్కువ. కూడలి దాటాక వంకర్లు తిరిగే ఆఖరి మైలే కష్టం. మీకు రెండున్నర గంటలు పట్టొచ్చు. ఏడింటికి నడక మొదలుపెడితే పదింటిలోపు చేరతారు. పదకొండు దాటాక ముందుకు పోకూడదు, సరస్సు కనబడకపోయినా సరే, ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. జూలైలో మధ్యాహ్నం ఉరుములు దాదాపు రోజూ ఉంటాయి.

ఉరుము వినబడితే ఒడ్డు వదిలి, ఒకే ఎత్తున్న చెట్ల గుంపులోకి వెళ్లండి. ఒంటరి చెట్టు కిందికి, రాతి చూరు కిందికి వద్దు. ఈ ఒక్కసారి మాత్రం ఇద్దరూ చెయ్యి పట్టుకుని నిలబడకండి. ఒకరికి పిడుగు తగిలినా రెండోవాళ్లు గుండె నొక్కి బతికించగలగాలి, అందుకే యాభై అడుగుల ఎడం ఉండాలి. కానీ ఒకరికొకరు కనబడుతూనే ఉండాలి.

లాక్ దగ్గరికి చేరాక "ఇంకాస్త పైకి వెళ్తే స్కై పాండ్ అని ఇంకో సరస్సు" అని ఎవరో అంటారు. అక్కడికెళ్లాలంటే టింబర్‌లైన్ ఫాల్స్ పక్కన తడి రాళ్ల మీద చేతులతో పాకాలి, ఎక్కడం కన్నా దిగడం కష్టం. మీ ఇద్దరికీ ఈసారి వద్దు. సౌమ్యా, వాడు మారాం చేస్తే నా పేరు చెప్పు.

ఆ రాత్రి మీ ఫోను రాకపోవచ్చు, తెలుసు. మర్నాడు ఎస్టెస్ పార్కు ఊళ్లోకి దిగాక ముందు మీ అమ్మకు చెయ్యి, తర్వాత నాకు. సౌమ్య గొంతు కూడా వినిపించు.

మీ పెద్దమ్మ