పీహెచ్‌డీ స్థానం కోసం వెతికే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పర్యావరణానికీ సమాజానికీ నడుమ తలెత్తే సమస్యలపై పరిశోధన చేయాలన్న నీ సంకల్పం తెలిసి ఎంతో సంతోషించాను. అయితే ఏ విశ్వవిద్యాలయం గొప్పదన్న ప్రశ్నతో వెతుకులాట మొదలుపెట్టవద్దు. ఈ రంగంలో ఒకే అంశంపై ఒకచోట భూగోళశాస్త్ర విభాగంలో, మరొకచోట అటవీశాస్త్రంలో, ఇంకొకచోట మానవశాస్త్రంలో పనిచేస్తుంటారు. ఉమ్మడి వనరుల నిర్వహణపై చేసిన కృషికి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చదివింది రాజనీతిశాస్త్రం. అందువల్ల విభాగం పేరును బట్టి వెతికితే నీకు తగిన స్థానాలు చాలావరకు కంటబడవు. నీకు బాగా నచ్చిన నాలుగైదు వ్యాసాలను ముందు పెట్టుకుని, వాటిని రాసినవారు ఇప్పుడు ఎక్కడున్నారో, వారి విద్యార్థులు ఏ పని చేస్తున్నారో, వ్యాసం చివర ఏ ప్రాజెక్టు నిధులను పేర్కొన్నారో చూడు. కొత్తగా నిధులు వచ్చిన ప్రాజెక్టుల్లోనే తరచుగా కొత్త స్థానాలు వెలువడతాయి.

స్వీడన్, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో పీహెచ్‌డీ చేసేవారు చాలావరకు జీతం తీసుకునే ఉద్యోగులు. అక్కడ పరిశోధనాంశం సాధారణంగా ముందే నిర్ణయమై ఉంటుంది కనుక, ప్రకటనలో అడిగిన పనికి నీవు ఎలా తగుదువో దరఖాస్తులో చూపాలి. అమెరికాలో నేరుగా విభాగానికే దరఖాస్తు చేయాలి. గడువు ఎక్కువగా డిసెంబరు ప్రాంతంలో ముగుస్తుంది. ఐరోపా ప్రకటనల కోసం యూరాక్సెస్ అనే పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైటును క్రమం తప్పక చూస్తూ ఉండు. ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్క్‌లలో మాత్రం ఒక నిబంధన ఉంది: నియామకానికి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి, నియమించుకునే సంస్థ ఉన్న దేశంలోనే నివసించినవారిని, లేదా అక్కడ ప్రధానంగా పనిచేసినవారిని, చదివినవారిని, సాధారణంగా తీసుకోరు. అక్కడే రెండేళ్ల మాస్టర్స్ అప్పుడే ముగించినవారికి ఈ నిబంధన అడ్డు వస్తుంది.

పర్యవేక్షకులకు రాసే ఉత్తరంపై అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టు. "మీ పరిశోధన నాకు స్ఫూర్తినిచ్చింది" అన్న మాట ఎవరికైనా రాయవచ్చు కనుక దానికి విలువ ఉండదు. "చేపల వేట నిషేధాన్ని గ్రామసంఘాలు ఎలా అమలు చేస్తాయో మీరు వివరించారు, పడవ లేక కూలికి వెళ్లేవారికి ఆ సంఘంలో మాట ఉంటుందా అన్నది నేను పరిశీలించాలనుకుంటున్నాను" అని రాస్తే, వ్యాసం చదివావనీ, నీకంటూ ఒక ప్రశ్న ఉందనీ వారికి తెలుస్తుంది. రెండు పేరాలు చాలు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తు చేయి.

ఇంటర్వ్యూలో అడగడానికి మొహమాటపడవద్దు. క్షేత్రపర్యటనల ఖర్చు ఎవరు భరిస్తారు, మనుషులను ఇంటర్వ్యూ చేయడానికి కావలసిన నైతిక అనుమతికి ఎంతకాలం పడుతుంది, సిద్ధాంత గ్రంథం ఒకే పుస్తకంగా ఉండాలా లేక వ్యాసాల సంపుటిగానా అన్నవి తప్పక తెలుసుకో. ఇద్దరు పర్యవేక్షకులు రెండు వేర్వేరు శాస్త్రాల వారైతే, ఒకరు గణాంక నమూనాను, మరొకరు ఊళ్లో ఏడాదిపాటు ఉండి చేసే పరిశీలనను కోరినప్పుడు ఎవరి మాట చెల్లుతుందో కూడా అడుగు. ఆ స్పష్టత లేకపోవడం వల్ల ప్రతిభావంతులైన విద్యార్థులు ఏళ్ల తరబడి నలిగిపోవడం నేను చూశాను. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ పర్యవేక్షకుల ప్రస్తుత విద్యార్థులతో విడిగా మాట్లాడి, రాసి ఇచ్చిన అధ్యాయం ఎన్ని వారాలకు తిరిగి వస్తుందో కనుక్కో.

మొదటి ఉత్తరం రాయగానే, ఎవరికీ పంపకముందే, అందులో నీవు ప్రస్తావించిన వ్యాసంతో పాటు నాకు పంపించు. రెండూ చదివి నా అభిప్రాయం రాస్తాను.