సముద్రంలో బోరు: ఫాక్‌లాండ్ చమురు షేర్లపై పాఠకుల ప్రశ్నలు

దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల చుట్టూ చమురు వెతకడానికి పుట్టిన చిన్న కంపెనీలు లండన్‌లో చిన్న కంపెనీల కోసం నడిచే ఎయిమ్ మార్కెట్‌లో లిస్టయ్యాయి. రాక్‌హాపర్, డిజైర్ పెట్రోలియం, ఫాక్‌లాండ్ ఆయిల్ అండ్ గ్యాస్, బోర్డర్స్ అండ్ సదరన్ అలాంటివే. అక్కడి చమురు ఒక్క బ్యారెల్ అమ్మకుండానే వీటి షేర్లు ఆకాశానికి ఎగిరి, నేలకు దిగాయి. ఈ తరహా షేర్లను గమనిస్తున్న పాఠకులు అడిగినవాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్ర: ఒక కంపెనీ ప్రెజెంటేషన్‌లో 20 కోట్ల బ్యారెళ్లు అని ఉంది. బ్యారెల్ 70 డాలర్లు వేసుకున్నా 1,400 కోట్ల డాలర్లు. షేరు మాత్రం పది పెన్నీలే. ఇంత చవగ్గా ఎలా దొరుకుతోంది? (స్లౌ, ఇంగ్లండ్)

జ: ముందు ఆ 20 కోట్ల పక్కన ఏ మాట ఉందో చూడండి. 'ప్రాస్పెక్టివ్ రిసోర్సెస్' అని ఉంటే అక్కడ ఇంకా డ్రిల్ బిట్ దిగలేదు. సైస్మిక్ సర్వే (ధ్వని తరంగాలతో అడుగు రాళ్ల చిత్రం గీయడం) చూసి, చమురు ఉంటే ఇంత ఉండొచ్చని వేసిన లెక్క అది. 'కంటింజెంట్ రిసోర్సెస్' అంటే బావి వేశారు, చమురు కనపడింది, కానీ దాన్ని తీసే ప్లాను, డబ్బు, అనుమతి ఇంకా ఒక కొలిక్కి రాలేదు. 'రిజర్వ్స్' అంటే తీయడం ఖాయమై, తీస్తే లాభం మిగిలేది. ఈ మూడూ బ్యారెళ్లలోనే చెబుతారు కాబట్టి ఒకేలా కనిపిస్తాయి. బ్యాంకు అప్పు ఇచ్చేది మాత్రం మూడోదాని మీదే.

తర్వాత, ఆ అంకె పీ90నా, పీ50నా, పీ10నా చూడాలి. పీ90 అంటే అంతకన్నా ఎక్కువే ఉండేందుకు 90 శాతం అవకాశం ఉన్న చిన్న అంకె. పీ10 అంటే పదింట ఒక్కసారి తగిలే పెద్ద అంకె. స్లైడు మీద లావు అక్షరాల్లో ఎక్కేది తరచుగా పీ10, లేదా సగటు. ఆ సగటును కూడా పీ10 వైపున్న పెద్ద అంకెలే పైకి లాగుతాయి. 'ఆయిల్ ఇన్ ప్లేస్' అని ఉంటే ఇంకా జాగ్రత్త. అది రాతిలో ఉన్న మొత్తం. అందులో పైకి వచ్చేది మామూలుగా 20 నుంచి 40 శాతం.

ఇప్పుడు మీ అంకెతోనే ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 20 కోట్లు పీ50, తీయగలిగినవే అనుకుందాం. లైసెన్సులో కంపెనీ వాటా 40 శాతమైతే మిగిలేది 8 కోట్లు. చమురు పడే అవకాశం 20 శాతం అని కంపెనీయే చెబితే 1.6 కోట్లు. ఇక ధర. సముద్రం అడుగున, పైపు లేని, అనుమతి రాని చమురుకు 70 డాలర్లు కట్టేవాళ్లు ఎవరూ ఉండరు. 3 డాలర్లు వేసుకుందాం. మొత్తం 4.8 కోట్ల డాలర్లు. షేర్లు 40 కోట్లుంటే షేరుకు 12 సెంట్లు. బావి ఖర్చు 5 కోట్ల డాలర్లయితే 40 శాతం చొప్పున కంపెనీ మీద పడేది 2 కోట్లు, అంటే షేరుకు 5 సెంట్లు. మిగిలింది 7 సెంట్లు. పెన్నీ విలువ సెంటు కన్నా ఎక్కువ కాబట్టి మీరు చవక అనుకున్న పది పెన్నీలు దీనికన్నా ఎక్కువే.

ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది. 20 శాతం అనేది భూగర్భ అవకాశం మాత్రమే. పడిన చమురు తీయదగ్గదిగా తేలే అవకాశం వేరు, దాంతో మళ్లీ గుణించాలి. అలాగే ఐదారు ప్రాస్పెక్టుల (చమురు ఉండొచ్చని గుర్తించిన చోట్ల) అంకెలన్నీ కూడి 'వంద కోట్ల బ్యారెళ్ల బేసిన్' అనే కంపెనీలూ ఉంటాయి. వాటిలో మొదటి బావిలో చమురు వలస వచ్చిన ఆనవాలే లేకపోతే పక్క ప్రాస్పెక్టుల అవకాశం కూడా ఒకేసారి పడిపోతుంది.

ప్ర: 'చమురు పడింది' అని ప్రకటించి, మళ్లీ అది నీరని చెప్పడం ఎలా సాధ్యం? మోసం కాదా? (వరంగల్)

జ: మీరు అడిగేది డిజైర్ పెట్రోలియం వ్యవహారం అయి ఉంటుంది. 2010 డిసెంబరు మొదట్లో రేచల్ నార్త్ బావిలో చమురు కనుగొన్నామన్నారు. కొద్ది రోజుల్లోనే అది నీరని సవరించుకున్నారు, షేరు కుప్పకూలింది. మన దగ్గర బోరులో నీళ్లు పడితే కొబ్బరికాయ కొడతాం. అక్కడ అదే నీళ్లు కొంప ముంచాయి.

ఇలాంటి తప్పు ఎక్కడ జరుగుతుందో తెలియాలంటే బావిలో ఆధారాలు ఏ వరుసలో వస్తాయో చూడాలి. మొదట, తవ్వుతుండగా పైకొచ్చే బురదలో గ్యాస్ ఆనవాళ్లు, రాతి ముక్కల మీద చమురు మరకలు కనిపిస్తాయి. ప్రకటనలో వీటిని 'షోస్' అంటారు. చమురు పడని బావుల్లో కూడా ఇవి మామూలే. తర్వాత తీగకు కట్టి దించే పరికరాల కొలతలు, అంటే 'లాగ్స్'. ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది, చమురు పోనివ్వదు. అందుకే నిరోధం ఎక్కువగా కనపడితే చమురని అనుమానిస్తారు. కానీ ఉప్పు తక్కువున్న నీరైనా, సందుల్లేని గట్టి రాయైనా అదే రీడింగు ఇవ్వగలదు. మూడో మెట్టు, రాతిలోంచి ద్రవాన్ని సీసాలోకి పీల్చి పైకి తెచ్చి పరీక్షించడం. నాలుగోది, బావిని కొన్ని గంటలు పారించి చూసే ఫ్లో టెస్ట్.

కాబట్టి ప్రకటన ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతోందో వెతకండి. 'హైడ్రోకార్బన్లు ఎదురయ్యాయి' అంటే సాధారణంగా ఇంకా మొదటి రెండు మెట్ల దగ్గరే ఉన్నట్టు. 'నెట్ పే' (చమురు తీయదగిన రాతి పొర మందం) ఇన్ని మీటర్లు, సచ్ఛిద్రత (రాతిలో ఖాళీ సందుల వాటా) ఇంత శాతం, నమూనా ఉపరితలానికి తెచ్చాం అని మూడూ ఉంటే నమ్మొచ్చు. 2010 మేలో రాక్‌హాపర్ సీ లయన్ బావిలో 53 మీటర్ల నెట్ పే అని అంకెతో చెప్పింది. అంకె లేకుండా 'ప్రోత్సాహకరం' అనే విశేషణం ఒక్కటే ఉంటే, ఇంకా ఆధారం రానట్టే లెక్క.

మోసమా అంటే, తొందరపాటు మోసం ఒకటి కావు. ఎయిమ్ నిబంధనల ప్రకారం డ్రిల్లింగ్ ఫలితాన్ని ఆలస్యం చేయకుండా చెప్పాలి. కనీసం ఐదేళ్ల అనుభవమున్న నిపుణుడు ఆ ప్రకటనను చూసి ఒప్పుకున్నట్టు అందులో రాయాలి కూడా. నిజానికి ఆ తొందర పెట్టేది నిబంధనే.

ప్ర: సీ లయన్‌లో నిజంగానే చమురు పడింది కదా! మరి రాక్‌హాపర్ షేరు అన్నేళ్లు ఎందుకు పడుతూనే ఉంది? (రెడింగ్, ఇంగ్లండ్)

జ: ఈ శీర్షికకు వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. చమురు పడకపోతే నష్టం ఎందుకొచ్చిందో ఎవరికైనా అర్థమవుతుంది. పడ్డాక కూడా ఎందుకొస్తుందన్నదే అసలు పాఠం.

2010 మేలో ఫలితం రాగానే షేరు ఒక్కరోజులో రెట్టింపు దాటింది. అదే ఏడాది 500 పెన్నీలు దాటింది. పదేళ్ల తర్వాత 2020లో పది పెన్నీల లోపు దొరికింది. ఈ మధ్యలో చమురు ఎక్కడికీ పోలేదు. కాలం పోయింది, డబ్బు పోయింది.

సీ లయన్ దీవులకు ఉత్తరాన సుమారు 220 కిలోమీటర్ల దూరంలో, 450 మీటర్ల నీటి లోతులో ఉంది. అక్కడ పైపులైను లేదు, రిఫైనరీ లేదు, రిగ్గును పక్క దేశం నుంచి అద్దెకు తెచ్చుకునే వీలూ లేదు. 2010లో ఓషన్ గార్డియన్ రిగ్గును స్కాట్లండ్ నుంచి లాక్కొచ్చారు. పైగా ఆ చమురులో మైనం ఎక్కువ, చల్లబడితే గడ్డకడుతుంది. సముద్రం అడుగున పైపులను వెచ్చగా ఉంచాలంటే ఖర్చు అదనం. ఈ దీవులు తమవేనంటున్న అర్జెంటీనా అక్కడ తవ్వే కంపెనీలను చట్టవిరుద్ధంగా పనిచేస్తున్నట్టు చూస్తుంది. అందువల్ల ఆ దేశంలో వ్యాపారం ఉన్న పెద్ద కంపెనీలు, బ్యాంకులు, సర్వీసు సంస్థలు దగ్గరికి రావడానికి జంకుతాయి.

ఇంత పని చిన్న కంపెనీ ఒంటరిగా చేయలేదు. 2012లో ప్రీమియర్ ఆయిల్ 60 శాతం వాటా తీసుకుంది, 23.1 కోట్ల డాలర్లు ముందుగా ఇచ్చి, అభివృద్ధి ఖర్చులో కొంత భరిస్తానంది. దీన్నే ఫార్మౌట్ అంటారు. ఆ క్షణం నుంచి కంపెనీ భవిష్యత్తు భాగస్వామి చేతిలోకి వెళుతుంది. 2014లో చమురు ధర కూలింది. ప్రీమియర్ తన అప్పుల్లో మునిగింది, ప్రాజెక్టు వాయిదా పడుతూ వచ్చింది. 2021లో ప్రీమియర్ హార్బర్ ఎనర్జీలో కలిసింది, హార్బర్ తప్పుకుంది. 2022లో ఇజ్రాయెల్ కంపెనీ నావిటాస్ 65 శాతం వాటాతో ఆపరేటర్‌గా, అంటే ప్రాజెక్టు నడిపే కంపెనీగా వచ్చింది. బావి పడిన పన్నెండేళ్లకు కూడా ఒక్క బ్యారెల్ ట్యాంకర్‌లోకి ఎక్కలేదు. ఈ పన్నెండేళ్లూ ఆఫీసు అద్దె, జీతాలు, లైసెన్సు ఫీజులు షేర్‌హోల్డర్ల జేబులోంచే వెళ్లాయి.

ప్ర: ఫలితం వచ్చేదాకా ఉంచుకోవాలా, బావి మొదలవగానే అమ్మేయాలా? స్టాప్‌లాస్ పెడితే సరిపోతుందా? (హైదరాబాద్)

జ: స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మెయ్యమని ముందే పెట్టే ఆర్డరు) ఇక్కడ పనిచేయదు. లండన్‌లో ప్రకటనలు ఉదయం 7 గంటల నుంచి వస్తాయి, మార్కెట్ తెరిచేది 8కి. ముందురోజు 40 పెన్నీల దగ్గర ముగిసిన షేరు తెల్లారి 15 దగ్గర తెరుచుకుంటుంది. 35 దగ్గర మీరు పెట్టిన ఆర్డరుకు మధ్యలో కొనేవాడే ఉండడు.

రిగ్గు కాంట్రాక్టు కుదిరినప్పటి నుంచి తవ్వకం మొదలయ్యే వరకు ఇలాంటి షేర్లు పెరగడం తరచుగా కనిపిస్తుంది. ఆ పెరుగుదలలో పెట్టిన అసలును వెనక్కి తీసుకుని, మిగతా షేర్లతో ఫలితం కోసం ఆగడం చాలామంది పాటించే పద్ధతి. నాకు కూడా అదే సబబు అనిపిస్తుంది. ఐదింట నాలుగుసార్లు చమురు పడదని కంపెనీయే చెబుతుంటే, పెట్టిందంతా ఒక్క బావి మీద ఉంచడం లెక్కకు నిలవదు.

ప్ర: కంపెనీ 'ప్లేసింగ్' ప్రకటించిన రోజే షేరు 20 శాతం పడింది. డబ్బు వస్తే మంచిదే కదా? (బర్మింగ్‌హామ్, ఇంగ్లండ్)

జ: ప్లేసింగ్ అంటే కంపెనీ కొత్త షేర్లు జారీ చేసి అమ్మడం. డబ్బు కంపెనీకి వస్తుంది, మీ వాటా చిక్కిపోతుంది. 40 కోట్ల షేర్లున్న కంపెనీ కొత్తగా 20 కోట్లు అమ్మితే, ఒక శాతం ఉన్న మీకు 0.67 శాతం మిగులుతుంది. ప్లేసింగ్ ధర మార్కెట్ ధర కన్నా తక్కువగా ఉండటం మామూలు, అది ఎక్కువగా సంస్థలకే దొరుకుతుంది. వారంట్లు (తర్వాత ముందే కుదిరిన ధరకు కొత్త షేర్లు కొనే హక్కులు) కూడా జతచేస్తే రేపు షేరు పెరిగినప్పుడు ఇంకో విడత పలుచనవుతుంది.

దీన్ని ముందే పసిగట్టవచ్చు. అర్ధ సంవత్సర నివేదికలో చేతిలో ఉన్న నగదును ఆరు నెలల ఖర్చుతో భాగించండి. ఫలితం రెండు లోపు వస్తే ఏడాదిలో సొమ్ము అయిపోతుంది. బావిలో తన వాటా ఖర్చుకు సరిపడా నగదు లేకుండానే కంపెనీ రిగ్గు గురించి ఉత్సాహంగా మాట్లాడుతుంటే ప్లేసింగ్ దారిలో ఉందన్నమాట. మరో అలవాటు చేసుకోండి: షేరు ధర చార్టు చూసేటప్పుడు పక్కనే మొత్తం షేర్ల సంఖ్య ఏటేటా రాసుకోండి. ధర పాత స్థాయికి వచ్చినా, షేర్లు రెట్టింపయితే కంపెనీ విలువ అప్పటికి రెండింతలు అయినట్టే. 'మళ్లీ 50 పెన్నీలకు వస్తుంది' అనే ఆశ ఇక్కడే తప్పుతుంది.

ప్ర: ఐసా ఖాతాలో ఇవి కొనవచ్చా? కొనగానే నష్టం ఎందుకు చూపిస్తోంది? (లెస్టర్, ఇంగ్లండ్)

జ: ఐసా, అంటే బ్రిటన్‌లో లాభంపై పన్ను లేని పొదుపు ఖాతాలో కొనవచ్చు. 2013 ఆగస్టు నుంచి ఎయిమ్ షేర్లకు ఐసాలో చోటుంది. 2014 ఏప్రిల్ నుంచి వీటి కొనుగోలుకు స్టాంపు డ్యూటీ కూడా లేదు. నష్టం చూపించేది కొనే ధరకు, అమ్మే ధరకు ఉన్న తేడా వల్ల. 4.9 పెన్నీలకు కొని 4.5కి అమ్మాల్సి వస్తే కొన్న నిమిషంలోనే 8 శాతం పోయింది. రోజుకు కొద్ది షేర్లే చేతులు మారే కంపెనీలో ఇది ఇంకా ఎక్కువ.

ప్ర: ఇండియాలో ఉంటూ లండన్ షేర్లు కొంటే పన్ను సంగతేమిటి? (విజయవాడ)

జ: డబ్బు ఎల్ఆర్ఎస్ (విదేశాలకు సొమ్ము పంపేందుకు రిజర్వు బ్యాంకు పథకం) కింద బయటికి పంపాలి, మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల పరిమితి. అప్పు మీద, మార్జిన్ మీద ట్రేడింగుకు పంపకూడదు. విదేశీ షేర్లను 24 నెలలు దాటి ఉంచితే లాభంపై 12.5 శాతం పన్ను, అంతకన్నా ముందు అమ్మితే మీ శ్లాబు ప్రకారం. చాలామంది మరిచిపోయేది రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్ఏ, అంటే విదేశీ ఆస్తుల పట్టిక. షేరు సున్నాకు దగ్గరైనా అందులో చూపాలి. ఆ వివరాలు ఆర్థిక సంవత్సరానివి కావు, జనవరి నుంచి డిసెంబరు వరకు ఉన్నవి.

ప్ర: మన కేజీ బేసిన్‌లో కూడా ఇలాంటి అంకెలు విన్నాం. తేడా ఏమైనా ఉందా? (కాకినాడ)

జ: అంకె ఊదడంలో తేడా లేదు. కాకినాడ తీరం ఎదుట దీన్‌దయాళ్ గ్యాస్ క్షేత్రంలో 20 ట్రిలియన్ ఘనపుటడుగులు ఉన్నాయని 2005లో ప్రకటించారు. తీయగలిగేదిగా తర్వాత తేలింది అందులో చిన్న భాగమే. అధిక పీడనం, అధిక వేడి, గ్యాస్ సులువుగా పారని బిగుతైన రాయి అందుకు కారణాలు. ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను 2017లో ఓఎన్‌జీసీ కొనుక్కుంది. తవ్వినది గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ. దానికి అప్పట్లో షేర్ మార్కెట్లో లిస్టింగ్ లేదు కాబట్టి చిన్న మదుపరులకు నేరుగా దెబ్బ తగల్లేదు.

అదే కేజీ బేసిన్ సముద్రంలోని రావ్వ కథ వేరు. ఓఎన్‌జీసీ అప్పటికే కనుగొన్న క్షేత్రం అది. ఎడిన్‌బరోకు చెందిన కెయిర్న్ 1996లో, రావ్వలో వాటా ఉన్న కమాండ్ పెట్రోలియాన్ని కొని అందులోకి వచ్చింది, ఉన్న చమురును తీసి సొమ్ము చేసుకుంది. అదే కెయిర్న్ 2010, 2011ల్లో గ్రీన్‌లాండ్ సముద్రంలో ఎనిమిది బావులు వేసి, ఒక్కటీ తీయదగ్గది కాక వెనుదిరిగింది. భరించే ఆదాయం వేరే ఉంది కాబట్టి కంపెనీ నిలబడింది. ఒక్క లైసెన్సే ఆస్తిగా ఉన్న చిన్న కంపెనీకి ఆ వెసులుబాటు ఉండదు.

ప్ర: ఎయిమ్‌లో షేరు 'సస్పెండ్' అయింది. డబ్బు పోయినట్టేనా? (స్లౌ నుంచే మరో పాఠకురాలు)

జ: కారణం చూడండి. ప్రతి ఎయిమ్ కంపెనీకి నోమాడ్ అనే సలహాదారు తప్పనిసరి. నోమాడ్ తప్పుకుంటే ట్రేడింగ్ ఆగుతుంది, నెలలోపు కొత్తవారు రాకపోతే లిస్టింగే రద్దవుతుంది. లెక్కలు ఆలస్యమై ఆగితే, అవి వచ్చాక మళ్లీ మొదలవుతుంది. రద్దయినా షేరు మీదే, కంపెనీలో హక్కు ఉంటుంది. కానీ కొనేవాళ్లు దొరకడం కష్టం. కంపెనీయే స్వయంగా లిస్టింగ్ రద్దు కోరితే ఓటు వేసినవారిలో 75 శాతం ఒప్పుకోవాలి. మీ షేర్లు బ్రోకరు నామినీ ఖాతాలో (మీ తరఫున బ్రోకరు పేరు మీద) ఉంటాయి కనుక, ఓటు వేయాలంటే బ్రోకరుకు గడువులోగా మీరే చెప్పాలి.